నాదచక్రం

లేపాక్షి ఆలయంలోని నాట్యమండపాన్ని చూసినవారికి ఒక విచిత్రమైన నిశ్శబ్దం అనుభవంలోకి వస్తుంది. హిందూపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ మండపంలో స్తంభాలన్నీ కలిసి ఒక సంగీతసభ. ఒక స్తంభం మీద తుంబురుడు వీణ పట్టి నిలిచాడు. మరొక స్తంభం మీద బ్రహ్మ మద్దెల వాయిస్తున్నాడు. రంభ నర్తిస్తున్నది. 16వ శతాబ్దంలో, విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయల కాలంలో, పెనుకొండలో అధికారిగా ఉన్న విరూపణ్ణ తన సోదరునితో కలిసి ఈ ఆలయాన్ని నిర్మింపజేశాడు. ఆనాటి వాద్యాల ఆకారం, వాటిని పట్టిన తీరు, నర్తకి అడుగులోని వంపు అన్నీ రాతిలో పదిలంగా ఉన్నాయి. కాని ఆ వీణ మీద పలికిన రాగమేదో, ఆ మద్దెల ఏ కాలంలో నడిచిందో చెప్పగల శక్తి రాతికి లేదు.

రాతికే కాదు, రాగికీ ఆ శక్తి లేకపోయింది. తాళ్లపాక అన్నమాచార్యుని సంకీర్తనలు తిరుమల ఆలయంలో రాగిరేకులపై దాదాపు నాలుగు శతాబ్దాలు నిలిచాయి. 1922లో వెలుగు చూసిన ఆ రేకులపై సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది. పాడిన వరుస మాత్రం లేదు. 1950 ప్రాంతంలో తిరుపతికి వచ్చిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వాటిలో నూటికి పైగా కీర్తనలకు స్వరరచన చేశారు. అనంతపురం జిల్లా కంబదూరు ప్రాంతంలోని రాళ్లపల్లి ఆయన జన్మస్థలం. సంస్కృతాంధ్ర ప్రాకృతాలలోనూ సంగీతంలోనూ సమానమైన పాండిత్యం గల అటువంటి వ్యక్తి పూనుకొన్నప్పటికీ, అది పునఃసృష్టి అయిందే గాని పునఃప్రాప్తి కాలేదు. అన్నమయ్య స్వయంగా గొంతెత్తి పాడిన వరుస ఏదో తెలిసే మార్గం ఇక లేదు.

పెనుకొండ విషయంలోనూ ఇదే స్థితి. పుట్టపర్తి నారాయణాచార్యులు (1914–1990) బాల్యంలోనే రచించిన ‘పెనుగొండ లక్ష్మి’ని నేటి విద్యార్థి పుస్తకంలో చదువుకోగలడు. 1565లో తళ్లికోట యుద్ధం తరువాత విజయనగర ప్రభువులకు రాజధాని అయిన ఆ కొండ వైభవం ఆ పద్యాలలో ఉంది. అయితే ఆనాటి ఆస్థానంలో వినిపించిన గానం పుస్తకానికి అందలేదు. అక్షరం అర్థాన్ని దాస్తుంది. కంఠాన్ని దాచడానికి వేరొక సాధనం కావలసి వచ్చింది.

ఆ సాధనం 19వ శతాబ్దపు చివరి పాదంలో లభించింది. 1877లో ఎడిసన్ శబ్దాన్ని స్తూపాకారపు గొట్టం మీద గీతగా నిలిపాడు. 1887లో ఎమిలీ బెర్లినర్ గొట్టానికి బదులు చదునైన పళ్లేన్ని ప్రవేశపెట్టాడు. గొట్టాలకంటే పళ్లేలను అచ్చు వేయడం సులువు. ఒక మూలం నుంచి వేల ప్రతులు తీయవచ్చు. ఈ పళ్లేల తయారీకి ప్రధానంగా వాడిన పదార్థం లక్క. లక్కపురుగు చెట్టుకొమ్మల మీద స్రవించే జిగురును శుద్ధిచేసి, రాతిపొడి వంటి వాటితో కలిపి, వేడిచేసి అచ్చులో నొక్కేవారు. ప్రపంచానికి లక్కను విరివిగా అందించిన దేశాలలో భారతదేశం ముఖ్యమైనది. భారతకథలో పాండవుల దహనానికి పన్నాగంగా కట్టిన ఇల్లు లక్కతోనే కట్టారు. అదే పదార్థం ఆధునిక కాలంలో పాండవుల పాత్రలు ధరించిన నటుల కంఠాలను కాపాడటం ఒక చమత్కారం.

1902 నవంబరులో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ఇంజనీరు కలకత్తాలో గౌహర్ జాన్ గానాన్ని రికార్డు చేశాడు. 1908లో ఆ నగరంలోని సియాల్దాలో రికార్డులు అచ్చు వేసే కర్మాగారం వెలసింది. 1928లో అది డమ్‌డమ్‌కు మారింది. గ్రామఫోను క్రమంగా జమీందారు మేడల నుంచి మధ్యతరగతి వసారాలకు వచ్చింది. తెలుగునాట ఈ పెట్టెను జనం దగ్గరకు చేర్చినది శాస్త్రీయ సంగీతం ఒక్కటే కాదు. రంగస్థల పద్యానికి అందులో పెద్ద పాలు ఉంది.

ఇక్కడ ధర్మవరం పేరు ప్రస్తావించక తప్పదు. ఆంధ్ర నాటక పితామహుడని ప్రసిద్ధి పొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) ఈ పట్టణానికి చెందినవారు. బళ్లారిలో న్యాయవాదిగా ఉంటూ సరస వినోదినీ సభ ద్వారా ‘చిత్రనళీయం’, ‘విషాద సారంగధర’ మొదలైన నాటకాలను ప్రదర్శింపజేశారు. తెలుగు నాటకంలో పాటకు, రాగయుక్తమైన పద్యానికి స్థానం కల్పించినవారిలో ఆయన అగ్రగణ్యులు. తాడిపత్రిలో జన్మించిన మహానటుడు బళ్లారి రాఘవ (1880–1946) ఆయనకు మేనల్లుడు. వారి తరువాతి తరంలో రంగస్థలం మీద హార్మోనియం పెట్టె స్థిరపడింది. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయాలలోని పద్యాలను పాడిన నటులు నాటకరంగానికే కాక రికార్డు కంపెనీలకూ ఆస్తి అయ్యారు. ఆ రికార్డులు పది అంగుళాల లక్కపళ్లేలు. ఒక్కొక్క వైపు మూడు నిమిషాలకు కొంచెం పైబడిన కాలం మాత్రమే పడుతుంది. అర్ధరాత్రి వరకు ఆలాపన సాగించే నటుడు మూడు నిమిషాలలో పద్యం ముగించవలసి రావడం వల్ల పద్యగానపు తీరే మారిపోయింది. దీర్ఘరాగాలు తగ్గాయి, ఎత్తుగడ పదునెక్కింది. సాధనం కళను శాసించిన సందర్భాలలో ఇది ఒకటి.

పళ్లెం మీద శబ్దం ఎలా నిలుస్తుందో తెలుసుకోవడానికి ధర్మవరం చేనేత కార్మికుని ఇల్లే మంచి ప్రయోగశాల. పట్టుచీర కొంగు మీద హంసలు, మామిడిపిందెలు రావాలంటే మగ్గం పైన జకార్డు అట్టలు వరుసగా కదలాలి. అట్టలోని రంధ్రాలు ఏ పడుగుపోగు లేవాలో నిర్ణయిస్తాయి. చిత్రకారుడు ఎదుట లేకున్నా అతని ఊహ అట్టలో ఉంది. రికార్డులోని గాడి కూడా ఇటువంటిదే. పళ్లెం అంచు నుంచి మధ్యకు చుట్టలు చుట్టుకొంటూ పోయే ఒకే ఒక సన్నని గాడి అది. గాయకుని కంఠం కంపించిన తీరులోనే ఆ గాడి గోడలు అటూ ఇటూ వంకరలు తిరిగి ఉంటాయి. సూదిమొన ఆ వంకరల వెంట పోతూ తాను కంపిస్తుంది; ఆ కంపనమే పెరిగి శబ్దమవుతుంది. జకార్డు అట్టకూ గాడికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. అట్టలు నెమ్మదిగా కదిలినా, వేగంగా కదిలినా హంస హంసగానే వస్తుంది. గాడి అలా కాదు. పళ్లెం వేగం మారితే రాగం మారకపోయినా శ్రుతి మారుతుంది, లయ మారుతుంది, చివరకు మనిషి గొంతే మారిపోతుంది.

ఈ విషయాన్ని లెక్కతో చూడటం అవసరం. హార్మోనియం మీద ఒక మెట్టు నుంచి దాని పక్క మెట్టుకు, అంటే ఒక స్వరస్థానం నుంచి తరువాతి స్వరస్థానానికి, కంపనాల సంఖ్య సుమారు 6 శాతం పెరుగుతుంది. నిమిషానికి 74 చుట్ల వేగంతో రికార్డు చేసిన పళ్లేన్ని 78 చుట్లతో తిప్పితే వేగం 5 శాతానికి పైగా పెరుగుతుంది. నాలుగు శ్రుతిలో పాడిన నటుడు ఇంచుమించు నాలుగున్నర శ్రుతిలో పాడినట్టు వినిపిస్తాడు. మూడు నిమిషాల పద్యం తొమ్మిది సెకన్ల ముందే ముగుస్తుంది. గంభీరమైన కంఠం కీచుగా మారుతుంది. ఇది ఊహాకల్పితమైన ఇబ్బంది కాదు. 78 చుట్లన్నది తరువాత కుదిరిన ప్రమాణం. తొలినాటి రికార్డులు చాలావరకు అంతకు తక్కువగానో ఎక్కువగానో తిరుగుతూ తయారయ్యాయి. కుదిరిన ప్రమాణం కూడా కచ్చితంగా 78 కాదు. విద్యుత్తు సెకనుకు 60 ఆవర్తనాలు పూర్తిచేసే పద్ధతి గల అమెరికాలో అది 78.26, 50 పద్ధతి గల దేశాలలో 77.92. వినేవాడు వేగాన్ని సరిదిద్దుకొనే వీలు లేకపోతే ఎన్నో ఏళ్లుగా విన్న గొంతు అసలు గొంతు కాకపోవచ్చు.

కాబట్టి పళ్లేన్ని తిప్పడం చిన్న పని కాదు. తొలి గ్రామఫోనులో ఆ పని స్ప్రింగు చేసేది. తాళంచెవి వంటి పిడితో దానిని బిగించి వదిలితే పళ్లెం తిరిగేది. సరిగా బిగించకపోతే పద్యం చివరికి వచ్చేసరికి శ్రీకృష్ణుని గొంతు క్రమంగా దిగిపోయి పాతాళం చేరేది. విద్యుత్ మోటారు వచ్చాక బిగింపు బాధ తీరింది, మరొక సమస్య పుట్టింది. సాధారణ మోటారు నిమిషానికి 1500 చుట్లకు దగ్గరగా తిరుగుతుంది. 1948లో వచ్చిన ఎల్‌పీ రికార్డు తిరగవలసినది నిమిషానికి 33⅓ చుట్లు మాత్రమే. అంత వేగాన్ని ఇంత నిదానంగా మార్చడానికి రెండు ఉపాయాలు వాడుకలోకి వచ్చాయి.

మొదటిది రబ్బరు చక్రం. మోటారు కడ్డీకి, పళ్లెం లోపలి అంచుకు నడుమ ఒక చిన్న రబ్బరు చక్రం ఒరుసుకొని తిరుగుతుంది. సైకిలు టైరుకు ఆనుకొని డైనమో తిరిగే తీరుకు ఇది తలకిందులు. బలమైన పద్ధతే గాని మోటారు గరగర కూడా రబ్బరు ద్వారా పళ్లేనికి చేరుతుంది. రెండవది పట్టీ పద్ధతి. కండెలు చుట్టే రాట్నంలో పెద్ద చక్రానికీ కదురుకూ నడుమ దారం ఉన్నట్టే ఇక్కడ మోటారుకూ పళ్లేనికీ నడుమ మెత్తని రబ్బరు పట్టీ ఉంటుంది. రాట్నంలో పెద్ద చక్రం కదురును వేగంగా తిప్పుతుంది. ఇక్కడ చిన్న కడ్డీ పెద్ద పళ్లేన్ని నిదానంగా తిప్పుతుంది. పట్టీ మోటారు అదురును మింగివేస్తుంది. అందుకే నేటికీ నాణ్యమైన యంత్రాలలో ఎక్కువ భాగం పట్టీవే. అయితే పట్టీ సాగుతుంది, జారుతుంది, ఏళ్లు గడిస్తే తెగుతుంది. ఆగి ఉన్న పళ్లెం సరైన వేగం అందుకోవడానికి కొంత వ్యవధి కూడా తీసుకుంటుంది.

మూడవ ఉపాయం వీటన్నిటికంటే సరళమైనది, అందుకే కష్టమైనది. కుమ్మరి సారెను చూస్తే అది తెలుస్తుంది. సారెకు పట్టీ లేదు, పళ్లచక్రం లేదు. తిరిగేదీ తిప్పబడేదీ ఒకటే. మోటారు ఇరుసునే పళ్లేనికి ఇరుసు చేస్తే మధ్యవర్తి అక్కరలేదు. దీనికే డైరెక్ట్ డ్రైవ్ అని పేరు. ఇళ్లలోని పైకప్పు ఫ్యానుది కూడా ఇదే పద్ధతి. కాని ఫ్యాను రెక్కలు కొద్దిగా తడబడితే గాలికి లోటు రాదు. పళ్లెం తడబడితే రాగం చెడుతుంది. మోటారే నిమిషానికి 33⅓ చుట్లు, అంటే 1.8 సెకన్లకు ఒక చుట్టు చొప్పున, ఒక్క కుదుపు లేకుండా తిరగాలి. వేగంగా తిరిగే చక్రంలో లోపాలు కలిసిపోతాయి, నిదానంగా తిరిగే చక్రంలో ప్రతి లోపమూ వేరుగా వినిపిస్తుంది.

జపానులోని మత్సుషితా సంస్థ ఇంజనీరు షుయిచి ఒబాతా ఈ చిక్కును విప్పాడు. ఆ సంస్థ టెక్నిక్స్ అనే పేరుతో 1970లో విడుదల చేసిన ఎస్‌పీ-10 తొలి డైరెక్ట్ డ్రైవ్ టర్న్‌టేబుల్‌గా చరిత్రకెక్కింది. ముట్టుకొని ఒరుసుకొనే బ్రష్షులు లేని మోటారును దానిలో వాడారు. నేడు విద్యుత్తు ఆదా కోసం అంగళ్లలో అమ్ముతున్న బీఎల్‌డీసీ ఫ్యానులలో ఉన్నది ఆ జాతి మోటారే. 1975లో వచ్చిన రెండవ రూపంలో క్వార్ట్జ్ స్ఫటికం చేరింది. చేతిగడియారంలో కాలాన్ని నడిపే స్ఫటికమే ఇక్కడ వేగానికి కాపలా కాస్తుంది. పళ్లెం ఎంత వేగంగా తిరుగుతున్నదో యంత్రమే ఎప్పటికప్పుడు కొలుచుకొని, స్ఫటికపు లెక్కతో పోల్చుకొని, తేడా కనబడగానే సవరించుకొంటుంది. సాయంత్రం దీపాలు మసకబారే ఊళ్లలో పాత మోటార్లు వోల్టేజీతో పాటు మందగించేవి. స్ఫటికం కాపలా ఉన్న యంత్రానికి ఆ పరాధీనత లేదు. ఈ రెండవ రూపం 33⅓, 45 చుట్లతో పాటు 78.26 చుట్లూ తిరిగేది. ప్రసార కేంద్రాలు ఇటువంటి యంత్రాలను ఆదరించాయి. ప్రకటన ముగిసిన మరుక్షణం పాట సరైన శ్రుతిలో మొదలుకావాలి గనుక వాటికి వెంటనే వేగం అందుకొనే పళ్లెం కావాలి.

అయితే ఈ పద్ధతికి లోకప్రసిద్ధి తెచ్చినది ప్రసార కేంద్రం కాదు, వీధి. 1972లో ఇళ్ల కోసం తయారుచేసిన ఎస్‌ఎల్-1200 యంత్రాన్ని న్యూయార్కులోని నృత్యశాలల వారు, వీధి ఉత్సవాల వారు తమదిగా చేసుకొన్నారు. పళ్లేన్ని చేత్తో ఆపవచ్చు, వెనక్కు తిప్పవచ్చు, వదిలిన క్షణంలో అది మళ్లీ వేగం అందుకొంటుంది. 1979లో వచ్చిన రెండవ రూపం 0.7 సెకనులో పూర్తి వేగానికి చేరేది. దాని పక్కనే వేగాన్ని 8 శాతం వరకు పెంచడానికి, తగ్గించడానికి ఒక జారుడు పిడి అమర్చారు. ఒక పాట లయను మరొక పాట లయతో కలపడానికి ఆ పిడి ఉపయోగపడింది. నేడు హిందూపురం, ధర్మవరం వీధులలో పెళ్లి ఊరేగింపుల ముందు నడిచే ‘డీజే’ అన్న మాటలోని మొదటి అక్షరం డిస్క్‌కు, అంటే ఈ పళ్లేనికే, గుర్తు. ఇప్పుడు ఆ బండిలో పళ్లెం ఉండదు, పేరు మాత్రం మిగిలింది.

పండితులలో మతభేదాలు ఉన్నట్టే సంగీతయంత్రాల ప్రియులలోనూ మతభేదాలు వచ్చాయి. మోటారు నేరుగా పళ్లేనికి తగిలి ఉంటే దాని అదురు సూదికి చేరుతుందని, నిరంతరం సవరించుకొనే యంత్రం నిలకడగా తిరిగినట్టు కాదని పట్టీ పక్షం వాదించింది. స్కాట్లండులో 1970ల తొలి సంవత్సరాలలో పుట్టిన లిన్ సోండెక్ వంటి యంత్రాలు ఆ పక్షానికి ఆయుధాలయ్యాయి. వాదంలో పస లేకపోలేదు. పాత డైరెక్ట్ డ్రైవ్ మోటార్లలో ఇనుప దిమ్మెలూ అయస్కాంతాలూ ఒకదానిని ఒకటి దాటే ప్రతిసారీ సన్నని కుదుపు పుట్టేది. గతుకుల బాటపై బండి నడిచినట్టుండే ఆ కుదుపు చాలామంది చెవికి అందకపోయినా కొలతకు అందేది.

ఈ వాదం తేలకముందే రికార్డుల కాలం మూసుకుపోయింది. 1982లో జపానులో సీడీ పుట్టింది. భారతదేశంలో మాత్రం రికార్డును పడగొట్టినది సీడీ కాదు, దానికంటే ముందు చౌకగా వచ్చిన క్యాసెట్టు. ఘంటసాల భగవద్గీత ఒకప్పుడు నల్లని పళ్లెం మీద ఇంటింటికీ చేరింది. 1980ల నుంచి అదే గీత క్యాసెట్టు మీద గుడి మైకులకు చేరింది. కొన్నాళ్లకు డమ్‌డమ్‌లోనూ రికార్డుల అచ్చు ఆగిపోయింది. 35 లక్షలకు పైగా అమ్ముడుపోయిన ఎస్‌ఎల్-1200 వరుస తయారీని 2010లో నిలిపివేశారు. గిరాకీ తగ్గడం ఒక కారణం, విడిభాగాలు దొరకకపోవడం మరొకటి.

అక్కడితో కథ ముగియలేదు. 2014లో టెక్నిక్స్ పేరును పునరుద్ధరించారు. పియానో వాద్యకారిణి కూడా అయిన ఇంజనీరు మిచికో ఒగావా ఆ ప్రయత్నానికి నాయకత్వం వహించారు. 2016 జనవరిలో ఎస్‌ఎల్-1200 మళ్లీ ప్రత్యక్షమైంది. పైకి చూస్తే పాత రూపమే. లోపల ఇంచుమించు అన్నీ కొత్తవి. మోటారు నుంచి ఇనుప దిమ్మెలను పూర్తిగా తొలగించారు. ఆకర్షించేందుకు ఇనుమే లేదు గనుక గతుకులు లేవు. పట్టీ పక్షం నలభై ఏళ్లు ఎత్తిచూపిన దోషానికి ఇచ్చిన సమాధానం ఇది. ప్రత్యేక ముద్రణగా 1200 యంత్రాలు చేసి, ఒక్కొక్కటి 4,000 డాలర్లకు అమ్మకానికి పెట్టారు. 2018లో ఎస్‌పీ-10 వారసుడు ఎస్‌పీ-10ఆర్ వచ్చింది. ఆ ఏడే అమెరికాలోని వీపీఐ సంస్థ, పట్టీ పద్ధతికి పేరుపడినది, డైరెక్ట్ డ్రైవ్ యంత్రాన్ని తెచ్చింది. 2023లో జపాను సంస్థ డెనాన్ తన పాత వరుసను డీపీ-3000ఎన్‌ఈ పేరుతో మళ్లీ మొదలుపెట్టింది. అమెరికాలో 2022లో 4 కోట్ల 10 లక్షల వినైల్ రికార్డులు, 3 కోట్ల 30 లక్షల సీడీలు అమ్ముడయ్యాయి. రికార్డుల సంఖ్య సీడీలను మించడం 1987 తరువాత అదే మొదటిసారి. భారతదేశంలో కూడా 2024లో ముంబయి ప్రాంతంలో రికార్డులు అచ్చు వేసే కర్మాగారం మళ్లీ ఆరంభమైంది.

ఈ పునరాగమనంలో ఫ్యాషను పాలు ఎంత, అవసరం పాలు ఎంత అన్న ప్రశ్న సహజం. ఫ్యాషను పాలు ఎక్కువే. నేటి కొత్త రికార్డులలో చాలావాటి సంగీతం ముందుగా కంప్యూటరులోనే రూపొందుతుంది. ఆ పాట వినడానికి లక్షల రూపాయల పళ్లెం తప్పనిసరి కాదు. కొని, అట్ట విప్పకుండా అలమారలో పెట్టుకొనేవారూ ఉన్నారు. ఖరీదైన యంత్రం గృహాలంకారంగా మారితే అది లేపాక్షి స్తంభం మీది వీణతో సమానం. కాని అవసరం పాలు కూడా ఉంది. అది రాయలసీమ వంటి చోట్లనే స్పష్టంగా కనిపిస్తుంది.

ఎల్‌పీగా వచ్చిన సినిమా పాటలు తరువాత క్యాసెట్టుకు, సీడీకి, ఫోనుకు మారాయి. లక్కపళ్లేల మీది రంగస్థల పద్యాలు అన్నీ ఆ యాత్ర చేయలేదు. మారినవాటిలోనూ కొన్ని వేగం సరిచూడకుండానే మారాయి. పాత ఇళ్ల అటకల మీద, పాతసామాను అంగళ్లలో గోనెసంచుల నడుమ అటువంటి పళ్లేలు నేటికీ అక్కడక్కడ కంటబడతాయి. లక్క పెళుసు, చేయి జారితే గాజులా పగులుతుంది. పాత గ్రామఫోనులో మోగించడం వాటికి మరో ప్రమాదం. ఆ పెట్టెలోని ఉక్కుసూది, దాని పైని శబ్దపేటిక కలిసి వంద గ్రాములకు పైబడిన బరువుతో గాడిని నొక్కుతాయి. వాయించిన ప్రతిసారీ గాడి కొంత అరిగిపోతుంది. వినడమే పాటను చంపడమవుతుంది. నేటి యంత్రంలో సూది బరువు కొద్ది గ్రాములకు మించదు.

వేగం నిలకడగా ఉండి, కావలసినంత మార్చుకొనే వీలు కూడా ఉన్న యంత్రమే ఈ పనికి తగినది. నృత్యశాలల కోసం పుట్టిన ఆ జారుడు పిడి ఇక్కడ వేరొక ఉపయోగానికి వస్తుంది. పునరుద్ధరించిన ఎస్‌ఎల్-1200 వరుసలో 78 చుట్ల వేగం ఉంది. జారుడు పిడితో వేగాన్ని 16 శాతం వరకు అటూ ఇటూ మార్చవచ్చు. పద్యం వెనుక మోగే హార్మోనియం ఈ పనిలో సాక్షి. నటుని కంఠం ఏ శ్రుతికైనా సాగవచ్చు గాని హార్మోనియం మెట్లు తమ స్థానం వదలవు. వినిపిస్తున్న శ్రుతి రెండు మెట్ల నడుమ ఎక్కడో వేలాడుతుంటే వేగం తప్పిందని అనుమానించాలి. పిడిని మెల్లగా జరుపుతూ ఆ ధ్వని ఒక మెట్టు మీద కుదురుకొనే చోట ఆపాలి. అయితే ఏ మెట్టు మీద ఆపాలన్నది యంత్రం చెప్పదు. ఆనాటి హార్మోనియములన్నీ ఒకే ప్రమాణానికి కట్టినవి కావు. ఆ నటుని శ్రుతి ఏదో, ఆ పద్యం ఎంత నిదానంగా నడవాలో ఎరిగినవారు పక్కన ఉండాలి. నాటకం చూసిన తరం ఏటేటా తరిగిపోతున్నది గనుక యంత్రం రావడంలో జరిగిన ఆలస్యం కంటే వినగల చెవులు పోవడం పెద్ద నష్టం.

ధర, అందుబాటు అన్నవి మిగిలిన అడ్డంకులు. ఇటువంటి యంత్రం ధర సామాన్య కుటుంబానికి అందేది కాదు. అందవలసిన అవసరమూ లేదు. ఒక ప్రాంతంలోని రికార్డులన్నిటికీ ఒకటి రెండు మంచి యంత్రాలు, వాటిని వాడటం తెలిసిన ఇద్దరు మనుషులు చాలు. ధర్మవరం నుంచి పెనుకొండ, హిందూపురం మీదుగా పోయే రైలుమార్గం బెంగళూరు చేరుతుంది. హిందూపురం నుంచి ఆ నగరం సుమారు 100 కిలోమీటర్లు. గౌహర్ జాన్ జీవితచరిత్ర రాసిన విక్రం సంపత్ నెలకొల్పిన ఆర్కైవ్ ఆఫ్ ఇండియన్ మ్యూజిక్ అక్కడ పాత గ్రామఫోను రికార్డులను సేకరించి, డిజిటల్ రూపంలోకి మార్చి, వినాలనుకొన్నవారికి అందుబాటులో ఉంచింది. 2022 ఏప్రిల్‌లో ఈ మూడు పట్టణాలతో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. ధర్మవరం రామకృష్ణమాచార్యుల ఊరు ఉన్న జిల్లాలో అటువంటి యంత్రం ఒకటి గ్రంథాలయంలోనో కళాశాలలోనో ఉండటం అత్యాశ కాదు.

యంత్రం వచ్చేలోగా చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. లక్కపళ్లేన్ని స్పిరిటుతో తుడవరాదు. అందులో లక్క కరిగిపోతుంది. మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, అవసరమైతే శుభ్రమైన నీటితో తడిపి, మధ్యనున్న కాగితపు చీటీకి తడి తగలకుండా ఆరబెట్టాలి. ఆ చీటీ మీద నటుని పేరు, నాటకం పేరు, రికార్డు సంఖ్య ఉంటాయి; అవి చెరిగితే పాడినది ఎవరో తెలుసుకోవడం కష్టమవుతుంది. పళ్లేలను ఒకదానిపై ఒకటి పేర్చకుండా పుస్తకాల వలె నిలువుగా ఉంచాలి. ఎల్‌పీ సూదిని వీటికి వాడరాదు. లక్కపళ్లెం గాడి దానికంటే సుమారు మూడు రెట్లు వెడల్పు గనుక సన్నని సూది అడుగుకు దిగి, గోడల మీది పద్యాన్ని వదిలి అడుగునున్న ధూళిని చదువుతుంది. తగిన సూది అమర్చిన తరువాత మొదటిసారి మోగించేటప్పుడే శబ్దాన్ని కంప్యూటరులోకి ఎక్కించుకోవాలి. పగులు ఉన్న పళ్లెం రెండవసారి నిలుస్తుందన్న నమ్మకం లేదు.